పులిహోరలో దిగిన డ్రోను

ఒక ఎగిరే యంత్రం సముద్రం మీద తుపానుని ఎదిరించి, క్షేమంగా వెనక్కి వచ్చి, నలుగురి భోజనాన్ని ఒక్క దెబ్బతో నాశనం చేసిన వైనం ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. ఆ యంత్రాన్ని నడిపిన వీరుణ్ణి నేనే. అప్పటికి నాది చిన్న వయసు, అరవై దాటి కొద్దికాలమే అయింది. తుపాను అన్నాను కదూ? అది కొంచెం ఎక్కువ చెప్పాను. ఆ రోజు సరుగుడు చెట్ల ఆకు కూడా సరిగ్గా కదల్లేదు. ఉన్న గాలంతా నా తలలోనే ఉంది.

తెనాలిలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. ఊళ్ళో సగం పెళ్ళిళ్ళు నా కెమెరా ముందే జరిగాయి. సగం అంటే మరీ సగం కాదు లెండి, మా వీధివీ పక్క వీధివీ. సెల్‌ఫోన్లు వచ్చి ప్రతివాడూ ఫొటోగ్రాఫరు అయిపోయాక, షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నాను. నేను కూర్చున్నా చేతులు కూర్చోలేదు. ఆన్‌లైన్లో ఒక డ్రోను తెప్పించాను. మా ఆవిడ పోపులపెట్టె అంత ఉంటుంది. అట్టపెట్టె మీద మాత్రం ‘ఫోర్‌కే కెమెరా’ అని పెట్టెకన్నా పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

నా బావమరిది సాంబయ్య రేపల్లెలో పెళ్ళి వీడియోలు తీస్తాడు. అతని దగ్గరున్నది అసలు సిసలు ఖరీదైన డ్రోను. నా దానికి పెట్టిన డబ్బుతో దాన్ని మోసుకెళ్ళే సంచీ కూడా రాదు. దాని కెమెరా ఉయ్యాలలో పసిపాపలా వేలాడుతూ ఉంటుంది. డ్రోను ఎంత ఊగినా బొమ్మ ఊగదు. నా దాంట్లో కెమెరాని మొహానికి మేకు కొట్టినట్టు బిగించేశారు. డ్రోను తుమ్మితే కింద ఊరంతా తుమ్ముతుంది. ఇదంతా నాకు తెలియదా? తెలుసు. తెలిసి ఒప్పుకునే అలవాటు లేదంతే.

ఒకసారి సాంబయ్య తెనాలి వచ్చినప్పుడు ఇద్దరం అంగలకుదురు వెళ్ళి, వరిచేల మీద చెరొక డ్రోను ఎగరేసి, ఇంటికొచ్చి చెరొక ఫోన్లో వీడియో పెట్టుకు కూర్చున్నాం.

“బావా, నీ దాంట్లో వరి వరిలా లేదు. పెయింటు వేసినట్టుంది” అన్నాడు.

“పచ్చగా ఉన్నదాన్ని పచ్చగా చూపించాలిరా. నీ వరి మలేరియా వచ్చి లేచినట్టుంది.”

“నేను కావాలనే రంగు తగ్గించి తీస్తాను. తరవాత దిద్దుకుంటాం.”

“తరవాత దిద్దుకోవడమేంటి? మొదటే సరిగ్గా తీస్తే పోలా?”

ఈ గొడవ విని మా ఆవిడ శకుంతల వాకరు పట్టుకుని టకటకమంటూ వచ్చింది. రెండు ఫోన్లూ చూసి, “మీ బావదే బాగుందిరా సాంబా. కళ్ళకి నిండుగా ఉంది” అనేసింది.

ఆ ఒక్క మాటతో నా తల మా ఇంటి గుమ్మం పట్టనంత అయింది.

“అక్కా, అరచేతిలో ఏదైనా బాగానే ఉంటుంది” అన్నాడు సాంబయ్య. “మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది. ఒకే చోట, ఒకే పూట ఇద్దరం తీస్తాం. సాయంత్రం టీవీలో వేస్తాం. ఎవరిది బాగుందో అప్పుడు చెప్పు.”

“సరే, ఎక్కడ తీస్తారు?” అంది శకుంతల.

“సముద్రం దగ్గర” అన్నాను నేను. ఊరికే అనలేదు.

శకుంతల మోకాలికి ఆపరేషనై నెలలు గడిచాయి. “కాలు చక్కగా కుదిరిందమ్మా, ఇంక వాకరు పక్కన పెట్టేయండి” అని డాక్టరు చెప్పాడు. ఈవిడ వింటేనా? “మీకేం, చెప్పి వెళ్ళిపోతారు. పడేది నేను కదండీ!” అని ఆయన మొహం మీదే అంది. రోజూ సాయంత్రం కాలవ గట్టు మీద వాకరుతో ఆవిడ, ఆవిడ పక్కన పడితే పట్టుకోవడానికి నేను. కాలు బాగైనా భయం బాగవకపోతే ఈ మనిషి ఇలాగే ఇంటికి అతుక్కుపోతుందేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఈ ఒక్క ముక్కలో కోతలు లేవు, నమ్మండి. ఆవిడ పుట్టి పెరిగింది బాపట్లలో. సముద్రం కనపడితే పాత ధైర్యం కొంచెమైనా లేస్తుందని నా ఆశ.

“ఇసకలో వాకరు దిగబడుతుంది. నేను రాను” అంది.

“నువ్వు రోడ్డు చివర కుర్చీ వేసుకు కూర్చో. సముద్రాన్ని నేను నీ దగ్గరికి తెస్తాను.”

“దేంట్లో? బిందెలోనా?”

“డ్రోన్లో.”

నవ్వింది. అలా కార్తీకమాసంలో ఒక ఆదివారం వనభోజనం ఖాయమైంది. తెల్లారకముందే లేచి, స్టూలు మీద కూర్చుని, గుండిగెడు పులిహోర కలిపింది శకుంతల. ఆపరేషన్ తరవాత ఆవిడ చేతి మీదుగా నలుగురి కోసం జరిగిన మొదటి వంట అది. బాపట్ల దాకా కారు నిండా ఇంగువ వాసన.

సూర్యలంక బీచి దగ్గర వైమానిక దళం వాళ్ళు డ్రోనులు ఎగరెయ్యనివ్వరని సాంబయ్య ముందే చెప్పడంతో, ఎగరేసినా ఎవరూ కాదనని, జనం లేని ఒడ్డు ఒకటి వెతుక్కుని చేరాం. వనభోజనానికి ఉసిరిచెట్టు కావాలి కదా; అక్కడ ఉన్నవన్నీ సరుగుడు చెట్లు. సాంబయ్య భార్య కృష్ణవేణి సంచీలోంచి ఉసిరికొమ్మ ఒకటి తీసి సరుగుడు చెట్టుకి కట్టి, “ఇప్పుడిది ఉసిరిచెట్టేనండి అన్నయ్యగారూ” అని దణ్ణం పెట్టేసింది. గుండిగ ఆ చెట్టు కింద పెట్టారు. కేక వేస్తే వినపడే దూరంలో, రోడ్డు చివర, శకుంతల కుర్చీ, కుర్చీ ముందు వాకరు.

ఇసకలోంచి డ్రోను లేపితే మోటార్లలోకి ఇసక పోతుంది. అందుకని సాంబయ్య ఒక మడత చాప తెచ్చుకున్నాడు. నేను తెచ్చుకోలేదు. తెచ్చుకోలేదని ఒప్పుకుంటానా? అటూ ఇటూ చూసి, పులిహోర గుండిగ మీది ఇత్తడి మూత తీసి, పక్కనే ఇసకలో బోర్లించి, దాని మీద నా డ్రోను నిలబెట్టాను.

“అన్నయ్యగారూ, పులిహోర మీద ఈగలు వాల్తాయండి!”

“అరిటాకు కప్పమ్మా. రెండు నిమిషాలు.”

నా డ్రోను కందిరీగల గూడులా రొద చేస్తూ లేచింది. సాంబయ్యది లేచిందో లేదో కూడా తెలియలేదు. నేను ఫోను పట్టుకుని శకుంతల దగ్గరికి పరిగెత్తాను. తెరమీద సముద్రం. మా ఆవిడ మొహం చిన్నపిల్ల మొహమైపోయింది.

“అబ్బ! ఎంత నీలంగా ఉందండీ!”

“చూడు మరి. మీ తమ్ముడు దీన్ని ఎండకి వెలిసిన చీరలా చూపిస్తాడు.”

కాసేపటికి ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. “ఏమండీ, అలలు కదలట్లేదేంటి?”

ఫోన్లో బొమ్మ నిలిచిపోయింది. డ్రోను దూరం వెళ్ళిపోతే నా దాంట్లో అంతే. ఆ మాట చెప్పచ్చు కదా? చెప్పలేదు.

“ఇవాళ సముద్రం ప్రశాంతంగా ఉంది.”

“పైన ఆ పిట్ట కూడా ఆగిపోయిందండీ.”

“కొంగ. కొంగలు అలాగే నిలబడి తపస్సు చేస్తాయి.”

“గాల్లోనా?”

ఇంక లాభం లేదని వెనక్కి పిలిచే బొత్తాం నొక్కాను. అది నొక్కితే డ్రోను బయల్దేరిన చోటికి తనంతట తనే వచ్చి వాలుతుంది. పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు మూత దగ్గరికి ఎదురెళ్ళాను. సాంబయ్య చేతిలో రిమోటు మీటలు పట్టుకుని తన డ్రోనుతో మమ్మల్నే పైనుంచి తీస్తున్నాడు. నా డ్రోను రానే వచ్చింది. వచ్చి, మూత మీద కాకుండా కొద్దిగా పక్కకి నిలబడింది.

“బావా, దించకు! కింద గుండిగ ఉంది!”

“నీకు తెలీదురా. సరిగ్గా మూత మీదే దిగుతుంది, చూడు.”

“మూత ఇక్కడుంది బావా! అది అక్కడుంది!”

ఖరీదైన డ్రోను బయల్దేరిన చోటే, విడిచిన చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టు దిగుతుందట. నా లాంటి డ్రోను ఆ చుట్టుపక్కల ఎక్కడో దిగుతుంది. ఆ చుట్టుపక్కల ఉన్నది పులిహోర. రెక్కల గాలికి అరిటాకు లేచి కృష్ణవేణి మొహానికి అంటుకుంది. తరవాత డ్రోను గుండిగలోకి దిగింది.

పెళ్ళిలో తలంబ్రాలు చూశారు కదా మీరు? అవి దోసిళ్ళతో పోస్తారు. ఇవి ఫ్యానుతో పోసినట్టు పడ్డాయి. మెతుకులు, వేరుశనగ గుళ్ళు, కరివేపాకు, అన్నిటికన్నా ముఖ్యంగా ఎండుమిరపకాయలు. సాంబయ్య మీటలు వదిలేసి కళ్ళు పట్టుకున్నాడు. కృష్ణవేణి అరిటాకులోంచి అరుస్తోంది. అంత ప్రమాదంలో నేను అందరికీ అడ్డం నిలబడ్డాను. లేదు లెండి, చెట్టు వెనక్కి దూరి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి గుండిగ మీద మూత పెట్టేసి ఉంది. లోపల నా డ్రోను బుట్టలో పాములా గుర్రుగుర్రుమని, కాసేపటికి ఊరుకుంది. మూత పెట్టింది కృష్ణవేణి అని నేను అనుకున్నాను. నేనని కృష్ణవేణి అనుకుంది. ఆ సమయంలో ఎవరికీ అడగాలని తోచలేదు.

అవతల కుర్చీలోంచి శకుంతల కేక: “ఏమండీ! ఏమైందండీ? నాకిక్కణ్ణుంచి ఏం కనపడట్లేదు!”

ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాం.

సాయంత్రం రేపల్లెలో సాంబయ్య ఇంట్లో పెద్ద టీవీ ముందు చేరాం. మొదట నాదే వేయమన్నాను. మెమరీ కార్డుకి అంటిన చింతపండు తుడిచి పెట్టాడు. అయ్యా, ఫోన్లో రంభలా ఉన్న నా సముద్రం ఆ టీవీలో సున్నం వేసిన గోడ పెచ్చులూడినట్టు ఉంది. అలలు అలల్లా లేవు, చదరాలు చదరాలుగా ఉన్నాయి. ఒడ్డు జెల్లీలా వణుకుతోంది. సరుగుడు తోపు పచ్చటి ముద్ద. ఆఖర్న తెరంతా పసుపు. అందులోకి ఒక చెయ్యి వచ్చింది, అంతా చీకటైపోయింది.

“ఆ చెయ్యి ఎవరిది?” అన్నాడు సాంబయ్య.

“వేణిది” అన్నాను.

“నాది కాదండి. నేను అరిటాకులో ఉన్నాను.”

బొమ్మ ఆపి పెద్దది చేశాడు. వేళ్ళున్నాయో లేదో తెలియలేదు. “అవి గాజులా బావా, జంతికలా?”

“నీ టీవీ బాగాలేదు.”

“సరే, నాది చూద్దాం.”

సాంబయ్య మీటలు వదిలేసినా అతని డ్రోను గాల్లో అలాగే, చిలక్కొయ్యకి తగిలించినట్టు కదలకుండా నిలబడి, మొత్తం తీసింది. ఎంత వివరంగా తీసిందంటే, చెట్టు వెనక నక్కిన నా బట్టతల మీద మూడు మెతుకులు స్పష్టంగా కనిపించాయి. అందరూ నవ్వారు.

తెరమీద, రోడ్డు చివర కుర్చీలోంచి చిలకపచ్చ చీర ఒకటి లేచింది. వాకరుని పక్కకి తోసేసింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇసకలో గబగబా గుండిగ దాకా వచ్చింది. మూత తీసి గుండిగ మీద ధడాలున పెట్టింది. మేం ముగ్గురం కళ్ళు నులుముకుంటున్నామని చూసుకుంది. వెనక్కి నడిచింది. కుర్చీలో కూర్చుని, వాకరు ముందుకి లాక్కుని, మోకాలు పట్టుకుని మొహం బాధగా పెట్టింది. ఇసకలో రానూపోనూ ఆవిడ అడుగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టచ్చు. అన్నీ పాదాలే. వాకరు గుర్తు ఒక్కటి లేదు.

సాంబయ్య బొమ్మ ఆపేశాడు. “అక్కా…”

శకుంతల ఫ్యాను వంక చూస్తోంది. “టీవీ నిజంగానే బాగాలేదురా.”

“ఎన్నాళ్ళ నుంచే?” అన్నాను.

“మీరు పొద్దున్న పాలకి వెళ్ళినప్పుడల్లా వంటింట్లో నడిచి చూసుకునేదాన్ని. బాగానే వస్తోంది.”

“మరి చెప్పలేదేం? నేనెంత దిగులు పడుతున్నానో తెలుసా నీకు?”

“చెబితే వాకరు తీసేస్తారు. వాకరు తీసేస్తే మీరు మళ్ళీ ముందు నడుస్తారు.”

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, నావైపు చూడకుండా: “పెళ్ళైన దగ్గర్నుంచీ బజారుకెళ్ళినా, గుడికెళ్ళినా మీరు ముందు, నేను వెనక. మీ వీపు ఎన్ని చొక్కాల్లో చూశానో నాకే తెలియదు. ఈ మోకాలి పుణ్యమా అని రోజూ కాలవ గట్టు మీద మీరు నా పక్కన నడుస్తున్నారు. మీ మొహం చూస్తూ కబుర్లు చెప్పుకోవడం బాగుందండీ. ఇంకొన్నాళ్ళు కుంటుదామనుకున్నాను.”

నేను కళ్ళు తుడుచుకోవడం తెనాలి చూడలేదు. రేపల్లె చూసింది.

“అన్నయ్యగారూ, కళ్ళల్లో ఇంకా పోపు ఉందాండీ?” అంది కృష్ణవేణి మెల్లగా.

“ఉందమ్మా. మిరపకాయ గింజ.”

సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. “మరి తీర్పు చెప్పక్కా. ఎవరి వీడియో బాగుంది?”

“నీదేరా. అందులో అనుమానమేముంది? అడుగు తీసి అడుగేస్తే పట్టించేసింది” అంది శకుంతల. “ఇళ్ళల్లో అంత మంచి కెమెరాలు ఉండకూడదు. సముద్రం మాత్రం మీ బావ చూపించిందే బాగుంది. తపస్సు చేసే కొంగతో సహా.”

కాబట్టి పాఠకులారా, నలుగురి ఎదుటా, చేతులు కడుక్కుని, తూర్పుకి తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఏ ఇల్లాలి గుండిగ మీదా మూత తియ్యను. నిలబడ్డ పిట్టని కొంగ అనను. మా ఆవిడ కన్నా ఒక్క అడుగు కూడా ముందు నడవను. ఈ ఆఖరి మాట ప్రాణం పోయినా తప్పను. తప్పాలని మొన్న సాయంత్రం కాలవ గట్టు మీద ఒకసారి గట్టిగా ప్రయత్నించాను. ఆవిణ్ణి అందుకోలేకపోయాను.