బొంత కింద పలక

మా మర్గిలాన్ ఊళ్లో, మా వీధిలో ఎర్నజర్ నిలబడి ఉండగా చూసినవాళ్లు తక్కువ. కాలువ తూము పక్కన బొంత పరుచుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని పడుకునే ఉంటాడు. పెళ్లి ఊరేగింపు వచ్చినా కాళ్లు ముడుచుకుని దారి ఇస్తాడే తప్ప లేవడు. ఇంటింటి గుట్టూ తెలిసిన నాకు వాడి అలసట ఒక్కటే అంతుబట్టదు.

“ఏం చేసి అలిసిపోయావురా?”

“ఇంకా ఏమీ చేయలేదు పెద్దమ్మా. చేస్తే ఎంత అలిసిపోతానో తలచుకుంటున్నా.”

దానికి తోడు మా మహల్లాకు, అంటే ఈ పేటకు, పెద్ద తోలిబ్ గారు. వసంతంలో వీధంతా కలిసి కాలువ పూడిక తీసే హషర్ రోజున ఆయనా పార తెస్తాడు. ఆ పారకు ఇంతవరకు మట్టి అంటలేదు. దాన్ని ఊతకర్రలా పట్టుకుని, “సోమరికి ఈ వీధిలో చోటు లేదు!” అని గంటసేపు దంచుతాడు. మగవాళ్లు పారల మీద గడ్డాలు ఆనించి వింటారు. ఆ తర్వాత పులావ్ తింటారు. తవ్వేది మేం ఆడవాళ్లం.

మొన్న గురువారం హషర్‌లో నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఎర్నజర్ బొంత అంచు పట్టుకున్నాను.

“లేవరా!”

“ఇవాళ వద్దు పెద్దమ్మా. రేపు రెండు రోజుల పని చేస్తా.”

“పోయినేడూ ఇదే అన్నావు!” అంటూ వాణ్ణి దొర్లించాను. బొంత కింద కాలువ నీళ్లను మళ్లించే తూము పలక! అది వారానికి రెండు రోజులు ఎక్కడ మాయమైపోతోందా అని తోలిబ్ గారు రెండేళ్లుగా వెతుకుతున్నాడు.

ఉపన్యాసం ఆగింది. ఆయన పార విసిరేసి, పలక అందుకుని, నడుం వంచి చకచకా తూముకు దిగ్గొట్టాడు. ఆయన పనిచేయగా చూడటం నాకదే మొదలు. సాలియా పెరట్లోకి పారే నీళ్లు ఆగి, ఆయన చెర్రీ తోటలోకి మళ్లాయి.

సాలియా ఒంటరి మనిషి. మిరప నారు, టమాటా నారు అమ్ముకుని బతుకుతుంది. సోమవారం, గురువారం నీటి వంతు ఆమెది. పరుగున వచ్చింది.

“నారు ఎండిపోతుంది అన్నా!”

“వీధి పనిలో సొంత గోల ఏమిటమ్మా?”

“ఆ చెర్రీలు వీధివా?” అన్నాను. పలక పీకి మళ్లీ ఎర్నజర్ చేతిలో పెట్టాను. “ముందే చెప్పి చావొచ్చుగా!”

“చెబితే మీరు తిట్టడం మానేస్తారు. మీ తిట్లు లేనిదే నాకు నిద్ర పట్టదు పెద్దమ్మా.”

“మరి మిగతా అయిదు రోజులూ ఎందుకు పడుకుంటావు?”

“అది నిజంగా బద్ధకమే.”

ఇప్పుడు ఆ పలక మీద, వాడి కింద ఉన్నది నా మందపాటి బొంత. సోమ, గురువారాల్లో దిండు సర్ది మరీ, “లేవరా సోమరీ!” అని వీధంతా వినబడేలా తిడుతున్నాను. లేచాడా, కాళ్లు విరగ్గొడతాను.