పాఠం లేని పది నిమిషాలు

ప్రొఫెసరమ్మ పాతికేళ్లుగా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతోంది. పిల్లల మనసు బాగుంటే చదువు దానంతటదే దారిన పడుతుందని ఆమె నమ్మకం. నమ్మితే సరిపోతుందా, రుజువు కావాలి కదా! అందుకని ఓ హైస్కూల్లో ఆరొందల మంది పిల్లలకు ప్రశ్నల కాగితాలు పంపింది. వారం తిరిగేసరికి కట్టలు వచ్చేశాయి. ‘బడిలో సంతోషంగా ఉన్నావా?’ అన్నదానికి ఆరొందల మందీ ‘చాలా’ దగ్గరే టిక్కు పెట్టారు.

వంటింటి బల్ల మీద ఆ కట్టలు తిరగేసి వాళ్లక్క పకపకా నవ్వింది. ముప్పయ్యేళ్లు నర్సుగా చేసిన మనిషి, ఓ పట్టాన దేన్నీ నమ్మదు.

"అలాంటి బడి ఎక్కడుందే, నన్నూ చేర్పించు. ఇంతకీ కాగితాలు ఎవరు వసూలు చేశారు?"

"క్లాసు టీచర్లే."

"పైన రోల్ నంబరు కూడా రాయించారా?"

ప్రొఫెసరమ్మ నాలుక్కరుచుకుంది. సర్వే ఎలా చెయ్యకూడదో ఏటేటా విద్యార్థులకు నూరిపోసే మనిషి సరిగ్గా అదే చేసింది. సిగ్గుతో చచ్చిపోయింది.

ఈసారి తనే వెళ్లింది. టీచర్లను బయటికి పంపి, పేరూ నంబరూ లేని కాగితాలిచ్చి, తాళం వేసిన పెట్టెలో వేయించింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ‘నీ కష్టం చెప్పుకోవడానికి బడిలో పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?’ అంటే సగానికి సగం మంది ‘లేరు’ అని రాశారు. ఆమెకు ఏడుపొచ్చేసింది.

కళ్లు తుడుచుకుని హెడ్‌మాస్టరు గదికి వెళ్లింది. రోజూ మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు పాఠం పక్కన పెట్టి, టీచరు పిల్లలతో ఊరికే మాట్లాడాలని అడిగింది.

"మరి సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు మేడమ్, మీ సైకాలజీయా?" అన్నాడాయన. పోరగా పోరగా, మార్కుల్లో అట్టడుగున ఉన్న పదో తరగతి సి సెక్షన్ ఇచ్చాడు. "ఒక్క ఏడాది. మార్కులు ఏమాత్రం తగ్గినా మళ్లీ ఈ గుమ్మం తొక్కొద్దు."

ఆ పీరియడ్ లెక్కల మాస్టారిది. నవ్వు ఆయన మొహంలోకి దారి మర్చిపోయి ఏళ్లయింది. "ఊఁ, మాట్లాడండి" అని హుకుం జారీ చేసి గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. వెనక బెంచీలో కూర్చున్న ప్రొఫెసరమ్మకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు, ఏమీ తోచక, చిన్నప్పుడు తను లెక్కల్లో తప్పిన వైనం చెప్పాడు మాస్టారు. క్లాసు గొల్లుమంది. ఆయనా నవ్వేశాడు. ఆ వారంలోనే ఒకమ్మాయి లేచి, బోర్డు మీద రాసింది మూడేళ్లుగా తనకు కనబడటం లేదని చెప్పింది. మాస్టారు బిత్తరపోయాడు. మూడేళ్లూ ఆ పిల్లను మొద్దు అని తిట్టింది ఆయనే. ఆ రోజు నుంచి తిట్టడం మాని, ఏమిటి కష్టమని అడగడం మొదలుపెట్టాడు.

ఏడాది చివర పరీక్షల ఫలితాలొచ్చాయి. కిందటేడు సగం మంది తప్పిన సెక్షన్‌లో ఈసారి ఒక్కరంటే ఒక్కరు తప్పలేదు. హెడ్‌మాస్టరు జాబితా రెండుసార్లు చదివాడు, మూడోసారి వేలు పెట్టి చదివాడు.

"బడి తెరవగానే అన్ని సెక్షన్లకూ పెట్టేద్దాం మేడమ్. మా టీచర్లకు మీరే నేర్పాలి."

"నేనెందుకు సార్? లెక్కల మాస్టారున్నారుగా!"

పక్కనే నిలబడ్డ మాస్టారు పరీక్ష పాసైన కుర్రాడిలా సిగ్గుపడిపోయాడు. పాతికేళ్ల ఉద్యోగంలో ప్రొఫెసరమ్మ అంత గర్వంగా ఏ గదిలోంచీ బయటికి రాలేదు.