పుల్లమ్మ పరుగు

టేకులపల్లి అడవి పల్లెల్లో, బీడీలకు పోయే తునికాకు కోయడంలో పుల్లమ్మను మించినవాళ్లు లేరు. భర్త పోయి పసిపిల్లలతో మిగిలిననాడు మొదలైన పరుగు, వాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నా ఆగలేదు. పక్కమనిషి మోపు తన మోపుకన్నా పెద్దదైతే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఈ వేసవిలో వడదెబ్బ తగిలి అడవిలోనే పడిపోయింది. కోలుకుంది కానీ, మళ్లీ ఎండకు పోతే ప్రాణానికే ముప్పని దవాఖానాలో చెప్పారు.

అప్పటినుంచి ఇల్లే బోనైంది. తెల్లారి ఆడవాళ్లు అడవికి పోతుంటే, వాళ్ల మాటలు వినబడి ఆమె కాళ్లు మంచం మీదే కదిలేవి. "లే, ఎనకబడ్డవ్" అని లోపల ఏదో తరిమేది. ఒకరోజు తలకు గుడ్డ చుట్టుకుని బయల్దేరబోయి, కళ్లు తిరిగి పందిరి గుంజ పట్టుకుంది.

కోడలు ప్రమీల పరుగెత్తుకొచ్చింది. "ఏందత్తా గిది? ఎవరితోని పోటీ నీకు?"

పుల్లమ్మ అక్కడే కూలబడింది. ఎవరితో? రొమ్ము మీద చెయ్యేసుకుని, లోపల తరిమేదానితో, ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టినట్టు మెల్లగా అంది.

"నువ్వుండబట్టే పిల్లలు బతికిండ్రు. నిన్ను తిట్టనే. గానీ ఇగ కూసో."

అది కూర్చోలేదు. మర్నాడూ తెల్లారకముందే లేపింది. పుల్లమ్మ కసురుకోలేదు. కొంచెం పక్కకు జరిగి, మంచంలో దానికీ ఇంత చోటిచ్చింది.