చొక్కాలు పాడు చేసిన ఘనత

నా చిన్నప్పుడు దక్షిణ అమెరికాలోని ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒమన్ దేశం మొత్తమ్మీద నేనొక్కణ్ణే అభిమానిని. ఈ మాట ఇంత ధైర్యంగా ఎందుకంటున్నానంటే, ఆ క్లబ్బు పేరు ఇక్కడ ఇంకెవరూ విని ఉండే అవకాశం లేదు. వాళ్ల సొంత దేశంలోనే చాలామంది వినలేదని తర్వాత తెలిసింది.

మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా బిల్డింగు పిల్లల్లో సగం మంది బ్రెజిల్, సగం మంది అర్జెంటీనా. సాయంత్రం అజాన్ అయ్యాక బిల్డింగు వెనకాల గులకరాళ్ల మైదానంలో ఈ రెండు దేశాలూ తలపడేవి. నేను ఏ దేశం తరఫున ఆడితే ఆ దేశం ఓడిపోయేది కాబట్టి, ఇద్దరూ నన్ను ఎదుటివాళ్లకి ఉదారంగా ఇచ్చేస్తూ ఉండేవారు. అలాంటివాడికి సొంతంగా ఒక క్లబ్బు ఉండటం ఎంత నిబ్బరమో చెప్పలేను.

ఆ క్లబ్బుని నాకు తెచ్చిపెట్టింది మా చిన్న మావయ్య, అంటే అమ్మకి తమ్ముడు. మత్రా రేవులో ఆగే ఓడలకు బియ్యం, కూరగాయలు, మంచినీళ్లు అందించే కంపెనీలో ఆయన డ్యూటీ. సరుకు దింపినప్పుడల్లా ఓడలో వంటవాడు ఒక్కొక్క ఉల్లిపాయనీ నొక్కి చూసి తీసుకునేవాడట. ఒక ఓడ ఇంజను పాడై రేవులో చాలా రోజులు ఉండిపోయింది. ఆ ఓడ వంటవాడిది ఆ క్లబ్బు ఉన్న ఊరే. ఉల్లిపాయలు నొక్కడం అయిపోయాక వాటినే బల్ల మీద ఆటగాళ్లలా నిలబెట్టి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో తమ క్లబ్బు చరిత్ర చెప్పేవాడు. మావయ్య శుక్రవారం, అంటే ఇక్కడి సెలవు రోజున, మా ఇంటికి భోజనానికొచ్చి అదే చరిత్రని అవే ఉల్లిపాయలతో, అవసరమైతే ఒక మాగాయ ముక్కని రిఫరీగా పెట్టి, నాకు తిరిగి చెప్పేవాడు. అందులో వంటవాడిదెంతో మావయ్యదెంతో నేను విడదీసి చూడలేదు. పప్పులో ఉప్పుని ఎవరైనా విడదీస్తారా.

ఆ ఊరు ఏటి ఒడ్డున ఉంది. పై వీధి, కింది వీధి అని ఉన్నవి రెండే వీధులు. ఒక వీధికి సరిపడా ఆటగాళ్లు లేక రెండు వీధులూ కలిసి క్లబ్బు పెట్టాయి. అంతకుమించిన స్నేహమేమీ లేదు. మైదానం ఏటి వైపు వాలి ఉండేది. గట్టిగా కొట్టిన ప్రతి బంతీ నీళ్లలోకే పోయేది. అందుకని క్లబ్బు వాళ్లు ఒక పడవాయన్ని నియమించారు. జట్టు ఫోటోలో ఆయన కూడా తెడ్డు పట్టుకుని నిలబడి ఉంటాడట. గోల్‌కీపరు మంగలి. శనివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే ఊళ్లో సగం గడ్డాలు సగంలో ఆగిపోయేవి.

చొక్కాలు మాత్రం ఒక్క జతే. తెల్ల చొక్కాలు, ఎర్ర నిక్కర్లు. వాటిని ఒక వారం పై వీధి, ఒక వారం కింది వీధి ఉతకాలి. ఉతకడం చాకిరీ అనుకునేరు. ఎవరి పెరట్లో తీగ మీద ఆ చొక్కాలు ఆరుతుంటే ఆ వారం క్లబ్బు వాళ్లది. అవతలి వీధి వాళ్లు గోడ మీంచి చూసి కుళ్లుకునేవారు. అలా ఉండగా ఒక పెద్ద మ్యాచ్ ముందు పై వీధిలో ఒకావిడ ఆత్రంకొద్దీ చొక్కాలనీ నిక్కర్లనీ కలిపి ఒకే గంగాళంలో ఉడకబెట్టేసింది. తీసేసరికి చొక్కాలన్నీ గులాబీ రంగు. వేరే జత లేదు. అవే వేసుకుని ఆడారు, చరిత్రలో మొదటిసారి గెలిచారు. అప్పట్నుంచీ వాళ్ల రంగు గులాబీయే.

ఇదంతా నాది. ఒమన్‌లో ఇంకెవరికీ లేదు. ఆ ఆస్తి మీద నేను నిశ్చింతగా బతుకుతున్న రోజుల్లో ఒక సాయంత్రం డాబా ఎక్కాను. అక్కడ పక్కింటి అక్క పిల్లలందర్నీ కూర్చోబెట్టుకుని ఏదో చెబుతోంది. వాళ్లది హైదరాబాదు. బళ్లో నాకన్నా ఒక తరగతి పైన చదివేది, మిగతా విషయాల్లో చాలా తరగతుల పైన ఉండేది. ఏం చెబుతోందా అని దగ్గరికి వెళ్లాను. పడవాయన గురించి చెబుతోంది.

నాకు అసూయ కలిగిందని అనను. నిలబడ్డచోటే నిలబడిపోయాను, అంతే. పైగా ఆమె పడవాయనకి ఒక కుక్క ఉందని, బంతి నీళ్లలో పడగానే అది దూకి ముక్కుతో తోసుకొచ్చేదని చెబుతోంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు. కుక్క సంగతి నాకు మావయ్య చెప్పలేదు. నా క్లబ్బులో నాకు తెలియని కుక్క. ఆ తర్వాత ఆమె చొక్కాల దగ్గరికొచ్చి, వాటిని ఉడకబెట్టింది కింది వీధి వాళ్లని చెప్పేసింది. పై వీధి అని నేను సరిదిద్దాను.

"నీకేం ఎర్క. కింది గల్లీ ఆమెనే ఉడకబెట్టింది. మామయ్య నాకు చెప్పిండు."

మామయ్యట. మా అమ్మ తమ్ముడు ఆమెకి మామయ్య ఎలా అవుతాడో నాకు అర్థం కాలేదు. ఆరా తీస్తే, మావయ్య శుక్రవారం మా ఇంట్లో భోంచేసి, ఆ తర్వాత వాళ్లింట్లో టీ తాగి వెళుతున్నాడని తేలింది. అంటే నేను భోజనాల బల్ల దగ్గర చరిత్ర వింటున్నానని మురిసిపోతుంటే, ఆయన గోడకి అవతల టీ కప్పులతో ఇంకో చరిత్ర నడుపుతున్నాడు. అదీ కుక్కతో సహా.

ఆ రాత్రి అన్నం సయించలేదు. అమ్మ నుదురు పట్టుకుని చూసి మిరియాల చారు పెట్టింది. కొన్ని జబ్బులకు మిరియాల చారు పనిచేయదు. ఆమె బాగా చదువుతుంది, బాగా పరిగెడుతుంది, బ్రెజిల్ వాళ్లూ అర్జెంటీనా వాళ్లూ ఆమె కోసం కొట్టుకుంటారు. ఇన్ని ఉన్న మనిషికి నా ఒక్క క్లబ్బూ ఎందుకు? తర్వాతి శుక్రవారం మావయ్య వచ్చినప్పుడు నేను మౌనం పాటించాను. నా మౌనం ఎవరూ గమనించలేదు. అన్నం వదిలేసి లేచిపోయాను. మావయ్య నా కంచంలోని వేపుడు తన కంచంలోకి వంచుకున్నాడు.

చివరికి నేనే నోరు విప్పి అడగాల్సి వచ్చింది. మావయ్యని టీకి పిలవడానికొచ్చిన అక్క కూడా అక్కడే నిలబడింది. ఉడకబెట్టింది ఎవరో తేల్చమన్నాం. నాకు కావలసింది అది కాదు. క్లబ్బు నాదని ఆమె ముందు ఆయన నోటితో అనాలి. మావయ్య చేతులు కడుక్కుని, ఓడ ఇంకా రేవులోనే ఉంది, వెళ్లి అడుగుదాం పదండన్నాడు.

మత్రా సముద్రపు రోడ్డు పక్క గట్టు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, మావయ్య రేవులోకి వెళ్లి వంటవాణ్ణి పిలుచుకొచ్చాడు. పొట్టి మనిషి, పెద్ద మీసం. మావయ్య చేతులతో బట్టలు పిండుతున్నట్టు అభినయించి ఎవరు అని అడిగాడు. వంటవాడు గుండె మీద చెయ్యి వేసుకుని, ఆకాశం వైపు వేలు చూపించాడు. పై వీధి. నేను అక్క వైపు చూశాను. ఆ చూపు ఇప్పటికీ నాకు గర్వకారణమే.

అంతలో వాడి వెనకాలే వచ్చిన ఇంకో ఓడ మనిషి, పొడుగ్గా, నూనె మరకల బనీనుతో, చేతిలో టీ గ్లాసు గట్టు మీద పెట్టి నేలకేసి వేలు చూపించాడు. అతనిదీ ఆ ఊరే, ఆ క్లబ్బే. కింది వీధి. ఇక ఇద్దరూ అందుకున్నారు. మాకు ఒక్క ముక్క తెలీని భాష. అయినా ఒక్క ముక్క కూడా వదలకుండా అర్థమైంది. మా నాయనమ్మ ఉడకబెట్టింది అని ఒకడు. నీ నాయనమ్మకి గంగాళం ఎక్కడిది అని ఇంకొకడు. మూడు సముద్రాలు దాటొచ్చి, ఎప్పుడో తాము పుట్టకముందు పాడైన చొక్కాల కోసం ఆ ఇద్దరూ మెడ నరాలు ఉబ్బేలా పోట్లాడుకున్నారు. ఇద్దరి వాదనా ఒకటే, పాడు చేసింది మేమే అని.

అప్పుడు మావయ్య మెల్లిగా పక్క ఊరి క్లబ్బు పేరెత్తాడు. ఇద్దరూ ఆగి, ఒకే వైపు తిరిగి, ఒకేసారి ఉమ్మేశారు. తర్వాత పొడుగాయన తన టీ గ్లాసు పొట్టాయనకిచ్చాడు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడిగాను, నాకొక వీధీ అక్కకొక వీధీ ఎందుకు చెప్పావని. మావయ్య రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"ఒరేయ్, నువ్వొక్కడివే అభిమానివైతే క్లబ్బు ఓడిపోయిన రోజున ఎవరితో పోట్లాడతావురా? గోడతోనా?"

మరి కుక్క సంగతి నాకెందుకు చెప్పలేదన్నాను. వెనక సీట్లోంచి అక్క, మంగలి సంగతి తనకెందుకు చెప్పలేదంది. నేను వెనక్కి తిరిగాను. మంగలి గురించి ఆమెకి తెలియదన్నమాట. ఇల్లు చేరేసరికి నేను సగం గడ్డాల కథంతా చెప్పేశాను, ఆమె కుక్కని నాకిచ్చేసింది. మావయ్య ఏమీ విననట్టు కారు నడిపాడు.

ఆ సాయంత్రమే మేమిద్దరం డాబా ఎక్కాం. అమ్మ కొత్త ఎర్ర లంగా అక్కడ బకెట్లో ఉంది. కొత్త రంగు బట్ట ఏదైనా మొదటిసారి ఉప్పునీళ్లలో విడిగా నానబెట్టడం అమ్మకి అలవాటు, మిగతా బట్టలకు రంగు అంటకుండా. మాకు సరిగ్గా ఆ రంగే కావాలి. మస్కట్ ఎండల్లో డాబా మీద ట్యాంకు నీళ్లు పొయ్యి అవసరం లేనంత వేడిగా ఉంటాయి. మా తెల్ల యూనిఫారం చొక్కాలు రెండూ ఆ బకెట్లో పడ్డాయి, కుళాయి తిప్పాం. తీసేసరికి గులాబీ రంగు రానైతే వచ్చింది, కాకపోతే దేశపటంలా ఒకచోట ఉండి ఒకచోట లేకుండా వచ్చింది. రెండిళ్లకీ మధ్యనున్న తీగ మీద, ఒక కొస మా పైపుకీ ఇంకో కొస వాళ్ల పైపుకీ కట్టిన తీగ మీద, పక్కపక్కనే ఆరేశాం.

శనివారం ఉదయం బళ్లో ప్రార్థన దగ్గర తెల్లటి వరసల్లో మేమిద్దరమే వికసించి ఉన్నాం. టీచరు పిలిచి, ఈ పని ఎవరు చేశారని అడిగింది. నేనే అన్నాను. కాదు, నేనే అంది అక్క. బకెట్లో వేసింది నేను అన్నాను. కుళాయి తిప్పింది తను అంది. టీచరు తన ఉద్యోగంలో చాలా విచారణలు చేసి ఉంటుంది కానీ, నేరం కోసం ఇద్దరు పోటీపడటం అప్పటిదాకా చూసినట్టు లేదు. కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇద్దర్నీ ఎండలో నిలబెట్టింది. అక్కడా ఎవరు ముందు నిలబడాలని వాదించుకున్నాం.

ఇప్పటికీ అల్ ఖువైర్‌లోనే ఉంటున్నాను. ఆ గులకరాళ్ల మైదానం కార్ల పార్కింగు అయింది. అసూయపడటం మానేశానంటే అది అబద్ధం చెప్పినట్టవుతుంది. ఎవరికైనా నాకు లేనిదేదో ఉంటే ఇప్పటికీ అన్నం సయించదు. కాకపోతే ఆ రోజు నుంచీ ఒక అలవాటు పట్టుకుంది. ఎవర్ని చూసి కుళ్లుకుంటున్నానో వాళ్ల దగ్గరికెళ్లి కూర్చుని, మంగలి సంగతి తెలుసా అన్నట్టుగా ఏదో ఒకటి అడుగుతాను. చాలామంది దగ్గర నాకు తెలియని కుక్క ఒకటి ఉంటుంది.

కిందటేడు మావయ్య పోయారు. హైదరాబాదు నుంచి అక్క ఫోన్ చేసింది. పెట్టేసే ముందు, "అంగీలు బకెట్ల ఏసింది నేనే" అంది.

కాదక్కా, నేనే అన్నాను.