మల్లికి చెల్లెలు జాజి

నా పెద్దబిడ్డ మల్లి పోయిన ఏడాది జ్వరంతో చనిపోయింది. ఇప్పుడు మళ్లీ ఆడపిల్ల పుట్టింది. అక్క పేరుకు జతగా ఉంటుందని జాజి అని పెడదామన్నాను. ఆ రోజు నుంచి మా అత్తమ్మ, పక్కింటి యాదమ్మక్క ఒకటే గుసగుసలు. నేను కనబడితే ఇద్దరూ గప్‌చుప్.

ఈ రోజు పొద్దున "పోరిని జర ఎండకు చూపిస్త" అని అత్తమ్మ పాపను కిందికి తీసుకుపోయింది. ఎండకైతే చేతిలో చాట ఎందుకు? అనుమానం వచ్చి వెనకే దిగాను. కృష్ణానగర్‌లో మా గల్లీ చివర చెత్త ఆటో ఆగి ఉంది. దాని పక్కన చాటలో నా బిడ్డ! యాదమ్మక్క గుప్పెడు తవుడు ఇచ్చి పాపను కొంటోంది.

"ఏందత్తమ్మా ఇది?"

"లొల్లి చేయకు. చెత్తల దొరికిన పిల్ల, తవుడుకు కొన్న పిల్ల అంటే చావు దీని దిక్కు చూడది. పెంటమ్మ అని పెడ్తున్నం. జత పేరు పెడితే అక్కనే వచ్చి తోల్కపోతది."

"చెల్లె కావాలని అడిగిందే మల్లి. అది గట్ల చేస్తదా?"

"ఇంతకు పిల్ల ఎవరిదే? తవుడైతే నేనిచ్చిన" అంది యాదమ్మక్క.

నాకు నవ్వు రాలేదు. పాపను ఎత్తుకుని, గల్లీ అంతా వినేలా జాజీ అని పిలిచాను.

అప్పటి నుంచి అత్తమ్మ పాప ఉయ్యాల ఊపుతోంది కానీ పేరు పలకడం లేదు. నోట్లోనే గొణిగినా ఏమని పిలుస్తుందో అని ఒక చెవి అటే వేసి ఇది రాస్తున్నాను. జాజి అంటే ఎవరో ఒకరు "మరి మల్లి ఏది?" అని అడుగుతారు. నాకు కావాల్సింది అదే. మీరైతే ఏం పేరు పెడతారు?