నేను కట్టించిన బెజ్జాల గోడ

తొంభైలు ముగిసేనాటికి మేడ్చల్ నుంచి శామీర్‌పేట్ వెళ్ళే దారిలో చెట్లకన్నా ఇటుకలూ, సిమెంటు దిమ్మెలూ ఎక్కువగా కనిపించేవి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. చేతిలో డిగ్రీ, జేబులో రెండు పెన్నులు (ఒకటి రాయదు, అయినా రెండుంటే ఆఫీసరులా కనిపిస్తానని పెట్టుకునేవాణ్ణి). లోకానికి మేలు చేయడం ఎంతసేపటి పని అనుకునే వయసు. ఆ వయసులో నేను చేసిన ఒక మేలు గురించి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు. ఇప్పటికీ సిగ్గే, కాకపోతే సిగ్గుపడుతూనే చెప్పగలిగే వయసు వచ్చింది.

నేను పనిచేసిన కంపెనీ సిమెంటు ఇటుకలు, గోడల్లో గాలి కోసం పెట్టే బెజ్జాల జాలీలు తయారుచేసేది. రోజూ అల్వాల్ నుంచి బస్సులో వెళ్ళేవాణ్ణి. ఉద్యోగం పేరు పబ్లిసిటీ అసిస్టెంటు, చేసే పని మాత్రం మేనేజరు గారు చెప్పిందల్లా. ఆయనకు క్యాటలాగు అంటే ప్రాణం. అన్నం తినేటప్పుడు కూడా పక్కన తెరిచి ఉండాల్సిందే, అందుకని వెనకాల అందరం ఆయన్ని క్యాటలాగు సారు అనేవాళ్ళం. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "పెద్దాయన పక్క ఊరికి ఏదైనా మంచి పని చేయమంటున్నారయ్యా. మన దుమ్మంతా వాళ్ళే తింటున్నారు కదా పాపం. ఏం చేద్దామో చూడు" అన్నారు. పెద్దాయనంటే మా కంపెనీ యజమాని. చూడటానికి నేను ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. ఆ ఊరినుంచి వచ్చి మా దగ్గర జాలీలకు నీళ్ళుపట్టే ఆడవాళ్ళలో ఒకామె, మేమంతా పెద్దక్క అని పిలిచే ఆమె, నెలరోజులుగా నన్ను అడుగుతూనే ఉంది.

"సారూ, మా బడిల ఆడపిల్లలకు లెట్రిన్ లేదు. నా బిడ్డ ఎనిమిదో క్లాసుల వడ్డది. గిట్లనే ఉంటె బడి మాన్పియ్యాల్సి వస్తది. జర మీ సార్లకు చెప్పి ఒక్క రూము కట్టియ్యున్రి."

"నీ బిడ్డ బడి మానదక్కా, నాదీ పూచీ" అన్నాను. పూచీ అనే మాట నోటితో అనడం అదే మొదటిసారి, మహా గొప్పగా అనిపించింది.

బడి సరిగ్గా రోడ్డు పక్కనే ఉండేది. మన కొత్త పువ్వు డిజైను జాలీలు రోడ్డు మీదికి కనబడాలి అన్నారు క్యాటలాగు సారు. నేను ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివాను. బస్సులో కూర్చుని నేనే బొమ్మ గీశాను: రోడ్డు వైపు గోడ, మోకాలి ఎత్తు నుంచి కప్పు దాకా, మొత్తం జాలీలే. ఆ కాగితం చూసి మేస్త్రీ తల గోక్కున్నాడు. "గోడంత జాలీలేనా సారూ? మీద రెండు వరసలు వెడ్తె సాలదా?" అన్నాడు. గాలీ వెలుతురూ ఆరోగ్యానికి ఎంత అవసరమో నేను అతనికి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా గోడలు కడుతున్న మనిషి ఓపిగ్గా విని, "మంచిది సారూ" అని తాపీ అందుకున్నాడు. పెద్దక్కను మాత్రం ఒక్క మాటా అడగలేదు. పూర్తయ్యాక చూసి సంతోషిస్తుందిలే అనుకున్నాను.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. బంతిపూల దండలు, కొబ్బరికాయ, రిబ్బను, అన్నీ నా ఏర్పాట్లే. పెద్దాయన రిబ్బను కత్తిరించి లోపలికి వెళ్ళారు. ఫోటోగ్రాఫరు రోడ్డు మీద నిలబడి, "సార్, అక్కడినుంచే కొంచెం నవ్వండి" అని కేకేశాడు. పెద్దాయన నవ్వారు. సిమెంటు పువ్వుల సందుల్లోంచి ఆయన మీసం, కళ్ళజోడు, పై పళ్ళు, అన్నీ చక్కగా కనిపించాయి. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆ ఫోటో ఇంటికి తెచ్చి అమ్మకు చూపిస్తే, ఆమె కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "లోపలున్నాయిన గింత సక్కగ కనవడుతున్నడేంది రా?" అంది. "ఫోటో మస్తు దీసిండమ్మా" అన్నాను. ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు నాకు?

వారం తిరక్కుండానే ఆ గోడకు ఖాళీ సిమెంటు సంచులు వేలాడాయి. బడి పిల్లలే ఏరుకొచ్చి, కుట్టి కట్టుకున్నారట. జీపులో వెళ్తూ క్యాటలాగు సారు చూశారు. మన డిజైను కనబడనందుకు కాదు, ఆ సంచుల మీద వేరే కంపెనీ పేరు కనబడినందుకు ఆయన ఎగిరిపడ్డారు. "ఇప్పుడే తీయించు!" అన్నారు. తీయించడం ఎందుకని నేనే వెళ్ళి నా చేతులతో తీశాను. ఒక్కొక్కటీ దులిపి, మడతపెట్టి, దొంతరగా పేర్చి మరీ వచ్చాను. బడి టీచరమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నా పనితనానికి ముగ్ధురాలైందనుకున్నాను.

తర్వాత పది రోజులకు, పైపు పట్టుకుని జాలీలు తడుపుతున్న పెద్దక్క నన్ను చూసీ చూడనట్టు తల తిప్పుకుంది. నేనే పలకరించాను.

"ఏందక్కా, బిడ్డ మంచిగ సదువుతుందా?"

"బడికి పోతలేదు సారూ."

"అయ్యో, ఎందుకు?"

"పొద్దుగాల పోయి సాయంత్రం ఇంటికి వచ్చేదాక సుక్క నీళ్ళు తాగదాయె. క్లాసుల కండ్లు తిరిగి వడ్డది. ఇగ మాన్పిచ్చిన."

"రూము ఉన్నది కదా అక్కా!"

ఆమె పైపు కింద పడేసి నా మొహంలోకి చూసింది. "ఉన్నది సారూ. మీ ఇంట్ల ఆడోళ్ళు పోతరా అండ్లకు? ఏదో సంచులు కట్టుకుంటిరి పిల్లలు. అవి సుత మీరే గుంజేస్తిరి."

చెవులు మండిపోయాయి. ఫోటోలో పెద్దాయన పై పళ్ళు కనిపించాయి, అమ్మ అడిగిన మాట వినిపించింది. మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్న ఆ పిల్లలకు ఉన్న ఒక్క తెరనూ దులిపి మడతపెట్టి వచ్చిన మొనగాణ్ణి నేనే. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

క్యాటలాగు సారుతో నిజం చెప్పేద్దామని ఆయన గది దాకా వెళ్ళాను. గడప దాటే ధైర్యం లేక, టీ తాగారా సార్ అని అడిగి వెనక్కి వచ్చాను. ఆదివారం మేస్త్రీని బతిమాలి బడికి తీసుకెళ్ళాను. పెద్దక్క ఇంకో ఇద్దరిని వెంటేసుకొచ్చి సిమెంటు మాలు కలిపింది. పై రెండు వరసలు గాలి కోసం వదిలి, మిగతా బెజ్జాలన్నీ లోపలి వైపు నుంచి ఒక్కొక్కటీ పూడ్చాం. సాయంత్రానికి నా వేళ్ళ చివర చర్మం ఊడింది. "కొబ్బరినూనె రాస్కోన్రి సారూ" అన్నాడు మేస్త్రీ. "నేను ముందే చెప్పిన కదా" అని మాత్రం అతను అనలేదు, అంటే బాగుండేది.

సోమవారం క్యాటలాగు సారు పిలిచి, "ఆ గోడకేమైందయ్యా?" అన్నారు. "కొత్త మోడల్ సార్, మూసిన జాలీ. పువ్వు బయటికి కనబడుతుంది, దుమ్ము లోపలికి రాదు" అన్నాను. ఆయన నా భుజం తట్టారు. తర్వాతి క్యాటలాగులో దానికి సగం పేజీ ఇచ్చారు కూడా. ఆ మెప్పును నోరు మూసుకుని తీసుకున్నాను. (ఈ సిగ్గు వేరే లెక్క.)

ఆ పిల్ల మళ్ళీ బడికి వెళ్ళింది. ఒకరోజు పెద్దక్క ఆమెను ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకొచ్చి, "సారుకు దండం వెట్టు బిడ్డా" అంది. రెండు జడల పిల్ల, దండం పెట్టి నెమ్మదిగా అంది:

"సారూ, కట్టేటప్పుడే మమ్ముల ఒక్కపారి అడుగుతె అయిపోతుండె గదా."

"ఏయ్, గట్లంటరా సారును!" అని పెద్దక్క కసిరింది.

మీరు వాడుకునే గది గురించి మిమ్మల్ని అడగాలని నాకు తోచనే లేదమ్మా, అని చెప్పి ఉంటే సరిపోయేది. ఉన్న నిజం అంతే. కానీ ఇరవై మూడేళ్ళ ఆ పెద్దమనిషి గొంతు సవరించుకుని, "బాగా చదువుకో" అని దీవించి లోపలికి వెళ్ళిపోయాడు. వాడి నడక తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ పిల్ల మాట తలుచుకుంటే మాత్రం, నవ్వుతున్నవాణ్ణి నవ్వుతూనే తల దించుకుంటాను.