ఓబులమ్మక్క తెరవని బీరువాలు

హవల్లీ బజారులో ఒక షాపుకు ఫోన్ ఛార్జర్ కొందామని వెళ్ళి, అది కొనకుండానే అరగంట నిలబడిపోయాను. పిల్లల బొమ్మ పియానో మీద ఎవరో ఓపిగ్గా ఒక్కో మీటా నొక్కుతున్నట్టుండే సంగీతం ఒకటి నన్ను ఆపేసింది. ఆ షాపులో కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప మరొకటి లేదు. నాకు మాత్రం ఉడుకుతున్న బాస్మతి అన్నం, అందులో వేసే ఎండు నిమ్మకాయ వాసన వచ్చాయి. గోడమీది పెద్ద టీవీలో, ఒకప్పుడు నేను ఆడిన వీడియో ఆటే నడుస్తోంది. పాత ఆటను మళ్ళీ కొత్తగా చేశారట, బొమ్మలు మాత్రం కావాలనే పాతకాలం తీరులో ఉంచారట. గళ్ళు గళ్ళుగా మనుషులు, గళ్ళ చెట్లు, గళ్ళ ఇళ్ళు. షాపులోని మలయాళీ అతను ఆడి చూడమని మీటలున్న డబ్బా నా చేతికిచ్చాడు. వీరుణ్ణి ఊళ్ళోకి నడిపించి మొదటి ఇంట్లోకి తీసుకెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు, మూలన బీరువా ఉంది. అందులో మందు ఉంటుంది, తెరవండి అని అతను హిందీలో తొందరపెట్టాడు. ఇంటాయన రానీ, అడిగి తీసుకుందాం అన్నాను. అతను నవ్వాడు. నేను వేళాకోళానికి అనలేదు. పన్నెండేళ్ళ కిందట ఆ అలవాటు నాకు చేసిన మనిషి పేరు ఓబులమ్మ.

ఓబులమ్మక్కది రాయచోటి దగ్గర పల్లె. నాలాగే ఈ అరబ్బు దేశానికి ఇంటిపనికి వచ్చింది. మిష్రిఫ్‌లో మేమిద్దరం పనిచేసిన విల్లాలో వంటంతా ఆవిడదే. రాజోలు నుంచి నేను వచ్చేటప్పటికే ఆవిడ ఆ ఇంట్లో చేరి తొమ్మిదేళ్ళయింది. యాభై దాటిన వయసు, సన్నటి మనిషి. చదువు లేదు గానీ, ఒకసారి చెవిన పడ్డ మాట మర్చిపోయేది కాదు. మా యజమానురాలిని మేము ఇక్కడి అలవాటు ప్రకారం, అమ్మ అనే అర్థంలో, మామా అని పిలిచేవాళ్ళం. ఏ విందుకు మామా ఏ మసాలా ఎంత వెయ్యమందో మూడేళ్ళ తర్వాత అడిగినా ఓబులమ్మక్క చెప్పేది. నా మాటతీరు ఆవిడకు కాలక్షేపం. "మీ గోదారోళ్ళు పిల్లిని తరిమేదానికి గూడా అండీ అంటారేమే" అనేది. నేను ఉడుక్కుంటే ఇంకా సంతోషపడేది. వచ్చిన కొత్తలో నేను రోజూ పొద్దున్నే ఏడ్చేదాన్ని. ఒక గ్లాసు టీ నా ముందు పెట్టి, ఏమీ అడగకుండా పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరిగేది. ఎవరి కళ్ళల్లో నీళ్ళు ఎందుకొచ్చాయో ఎవరూ అడగక్కర్లేకుండా పోయేది.

నా పని ఇల్లు తుడవడం, ఇస్త్రీ, మామా కూతురు పన్నెండేళ్ళ నూరాను కనిపెట్టుకుని ఉండడం. నూరాకు చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఆట మిషను ఉండేది. అందులో ఈ ఆటే. వీరుడికి బలం పెరగాలంటే గుహ ముందు అటూ ఇటూ తిరుగుతూ గబ్బిలాలనూ కప్పలనూ వందలకొద్దీ కొట్టాలి. అదొక విసుగు పని. విసుగు పనులకు ఆ ఇంట్లో నేనున్నాను కదా. నూరా స్కూలుకు వెళ్తూ మిషను నా చేతిలో పెట్టి, తను వచ్చేసరికి ఒక లెవెల్ పెంచి సేవ్ చేసి ఉంచమనేది. మెట్లు కడిగి, బట్టలు ఆరేసి, కూర్చుని గబ్బిలాలను కొట్టేదాన్ని. నెలల తరబడి ఆ గుహ ముందరి గడ్డి తప్ప నేనేమీ చూడలేదు. ఈ కుర్రాడెవరో, ఎవరి మీద పగతో తిరుగుతున్నాడో, గుహలో ఏముందో తెలియదు. చెబుతానని నూరా అనేది గానీ ఎప్పుడూ చెప్పలేదు.

ఎండాకాలం సెలవులకు ఇంటిల్లిపాదీ చల్లటి దేశానికి వెళ్ళారు. ఆట వెంట తేవద్దని మామా గట్టిగా చెప్పడంతో నూరా మిషను నాకు అప్పగించి, వందసార్లు జాగ్రత్తలు చెప్పి వెళ్ళింది. అంత పెద్ద విల్లాలో మేమిద్దరమే మిగిలాం. రెండో రోజు మధ్యాహ్నం నాకు బుద్ధి గడ్డితింది. కథ మొదటి నుంచి చూద్దామని కొత్త ఆట అన్నచోట నొక్కాను. ఒక తాత మనవడికి కత్తి పట్టడం నేర్పుతున్నాడు. ఆ తాతను ఎవరో ఎత్తుకుపోయారు. నెలల తరబడి నేను కొట్టిన గబ్బిలాలన్నీ ఆ తాత కోసమని తెలిసి నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. గంటన్నర ఆడి, అలవాటు చొప్పున సేవ్ నొక్కాను. మిషను ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎప్పుడూ అవునని నొక్కే వేలు అప్పుడూ అవుననే నొక్కింది. ఆ ఆటలో ఒక్క కథ దాచుకోవడానికే చోటుందని అప్పుడు తెలిసింది. నూరా ఏడాది పాటు ఆడిన ఆట తుడిచిపెట్టుకుపోయింది.

నాకన్నా ముందు ఆ పనిలో ఉన్న అమ్మాయి నూరా బొమ్మ ఒకటి పగలగొట్టి దాచిందని ఆమెను ఏజెన్సీ ఆఫీసుకు తిప్పి పంపేశారు. నేను వచ్చి అయిదు నెలలు కూడా కాలేదు. ఏ మొహం పెట్టుకుని ఊరికి పోవాలి? వంటింటి నేల మీద కూర్చుని అంతా చెప్పుకుని ఏడ్చాను. ఎందుకు చేశావని ఓబులమ్మక్క అడగలేదు. వాళ్ళు రావడానికి ఎన్నాళ్ళుందని మాత్రం అడిగింది. ఇరవై నాలుగు రోజులన్నాను.

"అయితే లెయ్. మొగం కడుక్కోని రా. ఆ పాప యాడిదాకా ఆడింటే ఆడిదాకా మల్లా పోదాం" అంది.

పోదాం అన్న మాటకే నా ఏడుపు ఆగింది.

అలా మొదలైంది మా ప్రయాణం. ఉదయం దుమ్ము దులిపి, పరదాలు ఉతికి, మధ్యాహ్నం నుంచి ఆట. మిషను మీద వచ్చే ఇంగ్లీషును నేను కూడబలుక్కుని తెలుగులో చెప్పాలి, ఎటు పోవాలో ఆవిడ చెప్పాలి. కొన్నాళ్ళకు మీటలు నొక్కడం కూడా నేర్చుకుంది. ఊళ్ళో అడుగుపెడితే కనిపించిన ప్రతి మనిషినీ పలకరించాలని ఆవిడ పట్టు. ఈ బొమ్మలు ఎన్నిసార్లు పలకరించినా ఒకే మాట చెబుతాయక్కా, వీటికి వేరే మాట రాదు అని చెప్పినా వినేది కాదు. వాళ్ళ మాటలన్నీ గుర్తుపెట్టుకుని, వారం తర్వాత దారి తప్పినప్పుడు, "బావికాడ ముసలాయప్ప చెప్పలా, మూడో చెట్టుకాడ తిరగమని" అనేది. నిజంగానే మూడో చెట్టు దగ్గర దారి ఉండేది. నా ఇంగ్లీషు ఆ ఎండాకాలంలో ఎంత మెరుగైందో అంతకు ముందు పదేళ్ళ చదువులో మెరుగవలేదు.

చిక్కల్లా బీరువాలతోనే. ఈ ఆటల్లో ఊరివాళ్ళ ఇళ్ళలోకి జొరబడి, బీరువాలు తెరిచి, దొరికింది పట్టుకుపోవడం మామూలు. మందులూ డాళ్ళూ కత్తులూ అలాగే వస్తాయి. ఓబులమ్మక్క ఒప్పుకోలేదు. ఇంటివాళ్ళను అడగాలంది. సరే, అడిగేవాళ్ళం. ఇల్లు మీదే అనుకోండి అని ఎవరైనా అంటే తెరవనిచ్చేది. మా ఆయన ఇంకా రాలేదు అని ఒకావిడ అంటే, మగమనిషి లేని ఇంట్లో మనకేం పని అని వీరుణ్ణి బయటికి నడిపించేసింది. రోజులు కరిగిపోతున్నాయి, మా వీరుడు చేతికర్రతోనే తిరుగుతున్నాడు. ఆగలేక నేను అనువాదంలో చేతివాటం చూపించాను. ఒక ముసలావిడ బావి ఎండిపోయిందని వాపోతుంటే, ఆ బీరువాలో కత్తి ఉంది, తీసుకో నాయనా అంటోంది అని చెప్పాను. ఓబులమ్మక్క కాసేపు తెర వంక చూసి, ఆయమ్మ మొగం చూస్తే ఇచ్చేదాని మాదిరి లేదే అని గొణిగింది. ఆ మొహం మొత్తం కలిపి ఆరు గళ్ళుంటుంది. నేను నవ్వు ఆపుకుని కత్తి తీసుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఆ ఊరి మీదుగా వెళ్ళాం. ఓబులమ్మక్క అలవాటుగా ఆ ముసలావిడను పలకరించింది. నేను ఏమరుపాటున ఉన్నది ఉన్నట్టు చదివేశాను. ఓబులమ్మక్క మిషను ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ పొద్దు కత్తి తీసుకో నాయనా అనె. ఈ పొద్దు బాయి ఎండిపోయింది అంటాందే. వీళ్ళు మాట మార్చరని నువ్వే చెప్తివి గదా పాపా."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇదంతా ఆట కదక్కా, ఆ ముసలావిడ నిజంగా లేదు కదా అన్నాను. ఓబులమ్మక్క తిట్టలేదు. సబా అల్ సలేం అనే పేటలో తాను మొదట పనిచేసిన ఇంటి సంగతి చెప్పింది. ఆ ఇంట్లో వాచీ కనబడకపోతే పనివాళ్ళ పెట్టెలన్నీ హాల్లోకి తెప్పించి తెరిచారట. ఆవిడ చీరలు, లోపలి బట్టలు, కూతురి ఫోటో, ఊరినుంచి తెచ్చుకున్న ఊరగాయ సీసా, అన్నీ అందరి ముందూ నేల మీద పరిచారు. వాచీ కారులో దొరికింది. దొరికాక బట్టలు మళ్ళీ మడిచి పెట్టిన వాళ్ళు లేరు. ఆవిడే కూర్చుని మడుచుకుంది. చెప్పడం అయ్యాక మిషను నా చేతికిచ్చి, ఇకమీదట ఉన్నది ఉన్నట్టు చదువు అంది. నేను అలాగే చదివాను. మా వీరుడు చాలాసార్లు చచ్చాడు, అయినా ముందుకే వెళ్ళాడు.

వాళ్ళు వచ్చే ముందు రోజుకు నూరా వదిలి వెళ్ళిన గుహ దగ్గరకు చేరాం. లెవెల్ నూరా దానికన్నా రెండు ఎక్కువే. సంచి మాత్రం దాదాపు ఖాళీ. చెప్పకుండా ఊరుకుందాం, కనిపెట్టకపోవచ్చు అన్నాను. ఏడాది ఆడిన పిల్ల కనిపెట్టకపోతుందా అని ఓబులమ్మక్క అంది. కనిపెట్టక ముందే చెప్పమంది. మర్నాడు సూట్‌కేసులు హాల్లో దిగుతుండగానే, నాకొచ్చిన సగం అరబిక్, సగం ఇంగ్లీషులో నూరాకు జరిగింది చెప్పేశాను. ఆ పిల్ల మొహం కందగడ్డయింది. మిషను లాక్కుని తల్లి దగ్గరకు పరిగెత్తింది. మామా నన్ను పిలిచి, నీకెవరు అనుమతిచ్చారని అడిగింది. వంటింట్లోంచి ఓబులమ్మక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా భుజానికి భుజం తగిలేలా నిలబడింది.

"మామా, అనా బాద్" అంది. అరబిక్‌లో, నేను కూడా ఆడాను అని.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడ మీద ఒక్క మాట పడలేదు. మామా ఆవిడ వంక వింతగా చూసింది. టీవీ పెట్టుకోవడానికి కూడా ఇంకొకరిని పిలిచే ఓబులమ్మ ఈ ఆట ఆడిందా అని నమ్మలేక, ఏదీ చూపించు అంది. హాలు మధ్య, అందరి ముందూ, ఓబులమ్మక్క మిషను అందుకుంది. వీరుణ్ణి ఒక ఇంట్లోకి తీసుకెళ్ళింది, ఇంటాయనను పలకరించింది, నేను చదివేదాకా ఆగింది. ఆయన వాతావరణం గురించి ఏదో అన్నాడు. ఆవిడ తలాడించి వీరుణ్ణి బయటికి తెచ్చింది. బీరువా తెరవలేదేమని నూరా అరిచింది. మనది కాదుగా అని ఓబులమ్మక్క అరబిక్‌లో చెప్పింది. మామా పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఖలాస్, ఇక అయిపోయింది, వెళ్ళి టీ పెట్టండి అంది. నూరా నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి ఓబులమ్మక్క పక్కన నేల మీద కూర్చుని, మంచి కత్తి ఒక్కటీ లేకుండా అంత దూరం ఎలా వచ్చారని అడిగింది.

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ నేను కూడా ఒకటి అడిగాను. తప్పు నాది కదక్కా, మీరెందుకు వచ్చి నిలబడ్డారు అన్నాను. ఆవిడ కుళాయి కట్టేసింది.

"నా పెట్టె తెరిసిన పొద్దు నా పక్కన ఒకరన్నా నిలబడతారేమో అని చూసినా పాపా. ఎవురూ రాలా" అంది. మళ్ళీ కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ఓబులమ్మక్క ఊరికి వెళ్ళిపోయి ఆరేళ్ళు. శుక్రవారాలు ఫోన్ చేస్తుంది, నా అండీలను ఇప్పటికీ వెక్కిరిస్తుంది. నేనిప్పుడు ఒక చిన్నపిల్లల బడిలో ఆయాలందరి మీదా సూపర్‌వైజర్ని. పోయిన నెల ఒక నేపాలీ అమ్మాయి కొత్త పరదాలను వేడినీళ్ళలో వేసి మొత్తం పాడుచేసింది. ప్రిన్సిపాల్ ఆ అమ్మాయిని పిలిపించింది. నా కుర్చీ ప్రిన్సిపాల్ పక్కనే ఉంటుంది. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి, ఏ అబద్ధం చెబితే గట్టెక్కుతానా అని వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట నాకు బాగా తెలుసు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఆ అమ్మాయికి భుజం తగిలేలా నిలబడ్డాను. మీరెందుకు అటు వెళ్ళారని ప్రిన్సిపాల్ అడిగింది. నేనింకా జవాబు చెప్పకముందే ఆ అమ్మాయి ఒకసారి నా వైపు చూసి, జరిగింది జరిగినట్టు తనే చెప్పేసింది.